జోగుళాంబ అని రాసిస్తే జొగులంబ అని పడింది: జనన నమోదు అధికారులకు బహిరంగ లేఖ

ఉమ్మడి పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో జననాలు నమోదు చేసే పంచాయతీ కార్యదర్శులకు, పురపాలక కార్యాలయాల సిబ్బందికి, ప్రసూతి వార్డుల్లో వివరాలు రాసుకునే ఉద్యోగులకు, మీసేవ నిర్వాహకులకు, వారిపై జిల్లా రిజిస్ట్రార్లకు, రాష్ట్ర ముఖ్య రిజిస్ట్రారు గారికి

విషయం: పిల్లల పేర్లను కుటుంబం ఎంచుకున్న అక్షరాలతోనే, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ నమోదు చేయాలని విన్నపం

అయ్యలారా, అమ్మలారా,

నమస్కారం. నేను వనపర్తిలో స్థిరపడిన విశ్రాంత తెలుగు పండితుణ్ణి. నా మనుమరాలి జనన ధ్రువీకరణ పత్రంలో తెలుగు పేరు తప్పుగా పడింది, సరిచేయమని నాలుగు నెలలుగా తిరుగుతున్నాను. నమోదు చేసిన కార్యాలయానికి మూడుసార్లు వెళ్లాను. రెండు సోమవారాలు ప్రజావాణి వరుసలో నిలబడి అర్జీ ఇచ్చాను. ఇచ్చిన ప్రతి కాగితానికీ రసీదు ఉంది, ఒక్కదానికీ జవాబు రాలేదు. ఆ కార్యాలయం పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఇది ఒక్క చోట జరిగే పొరపాటు కాదని నా పక్కన బెంచీ మీద కూర్చున్నవాళ్ల చేతుల్లోని కాగితాలు చూసి తెలుసుకున్నాను. మీ మీద ఉన్న పని భారం నాకు తెలుసు. పొద్దున పారిశుధ్యం, పగలు ఇంటి పన్ను, సాయంత్రం ఉపాధి హామీ పనులు చూసుకునే పంచాయతీ కార్యదర్శే జననాలు కూడా నమోదు చేయాలి. అయినా ఈ మాట చెప్పక తప్పడం లేదు.

మా బిడ్డకు నిరుడు ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజు తొట్టెల్లో వేసి, కాలం చేసిన మా అమ్మ పేరు పెట్టుకున్నాం. మా అమ్మ పుట్టింది నడిగడ్డలో, అంటే కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న గద్వాల, అలంపురం సీమలో. అలంపురం అమ్మవారి పేరు ఆ పల్లెల్లో జోగమ్మగా, జోగులమ్మగా, మగపిల్లలకైతే జోగన్నగా ఇంటింటా వినిపిస్తుంది. మా అమ్మను ఊరంతా జోగులమ్మ అనేది. పిల్లకు మాత్రం అమ్మవారి పేరు పూర్తిగా ఉండాలని మా బిడ్డ, అల్లుడు కోరుకున్నారు. అప్పుడు మా ఇంట్లో ప్రశ్న వచ్చింది: జోగులాంబ అని రాయాలా, జోగుళాంబ అని రాయాలా?

బయటివాళ్లకు ఇది ఒక్క అక్షరం తేడాగా కనిపించవచ్చు, మా ఇంట్లో వారం రోజులు మాట్లాడుకున్నాం. ‘యోగి’కి తద్భవం ‘జోగి’, బహువచనం ‘జోగులు’, జోగుల అంబ కనుక జోగులాంబ అని, లకారమే సబబని నేను వాదించాను. మా వియ్యంపురాలు దీపం పెట్టేటప్పుడు చదువుకునే అష్టాదశ శక్తిపీఠాల శ్లోకంలో ఆ తల్లి పేరు ళకారంతో ఉంది, ఆమె నోట ఆ అక్షరం స్పష్టంగా పలుకుతుంది. ఆ తల్లి పేరుతో 2016 అక్టోబరు 11న ఏర్పడిన కొత్త గద్వాల జిల్లా పేరును చూద్దామంటే, దాన్నీ కొందరు లకారంతో, కొందరు ళకారంతో రాస్తున్నారు. చివరకు మా బిడ్డ, “నాయినా, రేపు పిల్లను పిలిచేది మేము. శ్లోకంలో విన్నట్టే రాసుకుంటాం” అంది. ఆ మాటతో నేను ఒప్పుకున్నాను, ఎందుకంటే పేరు పెట్టే హక్కు తల్లిదండ్రులది, పండితుడిది కాదు. ఇంగ్లీషులో చిక్కు లేకుండా జిల్లా పేరుకు వాడే అక్షరాలనే తీసుకున్నాం: జె, ఓ, జి, యు, ఎల్, ఎ, ఎం, బి, ఎ. తెల్లకాగితం మీద రెండు లిపుల్లోనూ పెద్ద అక్షరాలతో నేనే రాసి అల్లుడి చేతికిచ్చి పంపాను.

వచ్చిన పత్రంలో ఇంగ్లీషు పేరు సరిగానే ఉంది. తెలుగులో ‘జొగులంబ’ అని ఉంది. జకు ఉండాల్సిన ఓత్వం ఒత్వమైంది, ళకారం లకారమైంది, దాని దీర్ఘం పోయింది. వెళ్లి అడిగితే, ఇంగ్లీషులో కొట్టగానే తెలుగు దానంతటదే పడుతుందని, చేతితో మార్చే తీరిక ఉండదని చెప్పారు. “ఇంగ్లీషులో కరెక్టుగా ఉంది కదా సార్, తెలుగు ఎవరు చూస్తారు?” అన్నాడు అక్కడి యువకుడు. అతను కసురుకోలేదు, నన్ను ఊరడించడానికే ఆ మాట అన్నాడు. తెలుగు మాతృభాషగా ఉన్న ఉద్యోగి, తెలుగు ఊళ్లో, తెలుగు పండితుణ్ణి ఊరడించడానికి ఆ మాటే దొరికిందంటే నాకు చాలా కష్టమనిపించింది. అన్ని బడుల్లోనూ తెలుగు నేర్పడం తప్పనిసరి అని 2018లో చట్టం చేసుకున్న రాష్ట్రం మనది. నాలుగేళ్ల తర్వాత ఈ పిల్ల ఆ బడిలో పలక మీద తన పేరు దిద్దుకుంటుంది. అప్పుడు పంతులమ్మ పత్రం చూసి దిద్దిస్తుందా, ఇంట్లో పిలిచే పేరు విని దిద్దిస్తుందా?

యంత్రానికి ఈ తప్పు ఎందుకు వస్తుందో చెప్పడం అవసరం. ఇంగ్లీషుకున్న 26 అక్షరాల్లో మన ఒకారానికీ ఓకారానికీ వేరు గుర్తులు లేవు, లకూ ళకూ లేవు, టకూ తకూ లేవు. ఆ కొరత తీర్చుకోవడానికి మనవాళ్లు ఏనాటి నుంచో సొంత అలవాట్లు చేసుకున్నారు: తకారానికి ‘టి’ పక్కన ‘హెచ్’ పెడతాం, లక్ష్మిని ‘ఎక్స్’తో రాస్తాం, యాదయ్య చివర ‘ఎ, ఐ, ఎ, హెచ్’ అని ముగిస్తాం. ఈ అలవాట్లు తెలియని యంత్రం యాదయ్యను యదైయా అనో ఇంకేదో అనో తెలుగులోకి తిప్పుతుంది. తెలుగు నుంచి ఇంగ్లీషుకు వెళ్లేటప్పుడే కొంత పోతుంది, ఇంగ్లీషు నుంచి తిరిగి తెలుగుకు వచ్చేటప్పుడు పోయినదాన్ని యంత్రం ఊహించి నింపుతుంది. అందుకే తెలుగు పేరును తెలుగులోనే విని, తెలుగులోనే రాయాలి.

మరో తప్పు కూడా జరుగుతోంది, అది సదుద్దేశంతో జరుగుతోంది. నా పక్కన కూర్చున్న ఒక తండ్రి తన కొడుక్కు తాత పేరు కిష్టయ్య అని పెట్టుకుంటే, రాసుకున్నాయన అది తప్పనుకుని కృష్ణయ్య అని దిద్దాడట. కిష్టయ్య అనేది కృష్ణయ్యను తప్పుగా పలకడం కాదు, మన సీమలో తరతరాలుగా నిలిచిన పేరు. యాదగిరిగుట్ట స్వామి పేరుతో యాదగిరి, యాదయ్య, యాదమ్మ ఉన్నట్టే, చిన్నచింతకుంట మండలంలోని కురుమూర్తి స్వామి పేరుతో కురుమూర్తి, కురుమయ్య, కుర్మయ్య ఉన్నట్టే, నరసింహస్వామి పేరుతో నరసింహ, నర్సింహ, నర్సింహులు, నర్సింలు ఉన్నారు. వీటిలో ఏదీ ఇంకొకదానికి తప్పు రూపం కాదు. హాజరు పట్టీలో ఒకే తరగతిలో ముగ్గురు నర్సింలను మూడు రకాలుగా రాసినవాణ్ణి, ఆ ముగ్గురూ తమ తమ పేరుకే పలికేవారు. మరోవైపు, కృష్ణవేణికి వట్రుసుడి తీసేసి ‘క్రి’ అని రాసిన పత్రాలూ చూశాను. ఏ రూపం శిష్టమో, ఏది గ్రామ్యమో తేల్చడం నమోదు పుస్తకం పని కాదు. చెప్పినవారు ఏ రూపం చెప్పారో అదే రాయడం దాని పని.

ఇప్పుడీ విషయం ఎందుకింత ముఖ్యమైందో, దీనివల్ల మామూలు జనం ఏం పడుతున్నారో వరుసగా చెబుతాను.

1. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టానికి చేసిన సవరణ 2023 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. ఆ రోజు నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడం, ఓటరు జాబితా, డ్రైవింగ్ లైసెన్సు, పెళ్లి నమోదు, ప్రభుత్వ ఉద్యోగం, పాస్‌పోర్టు, ఆధార్ వంటి వాటన్నింటికీ పుట్టిన తేదీ, స్థలం రుజువుగా జనన పత్రమే ఆధారం. ఒకప్పుడు బడిలో పంతులు రాసుకున్న పేరే పదో తరగతి మెమోలోకి వెళ్లేది, జనన పత్రం చాలా ఇళ్లలో ఉండేదే కాదు. ఇప్పుడు మొదటి కాగితంలో పడిన అక్షరమే పిల్ల వెంట జీవితమంతా నడుస్తుంది. ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి సాధారణంగా జీవితకాలంలో రెండుసార్లే వీలుంటుంది. పిల్ల ఊహ తెలియకముందే అందులో ఒకటి మీ కార్యాలయం చేసిన తప్పు దిద్దడానికి ఖర్చయిపోతే, ఆ పిల్లకు మిగిలేది ఎంత?

2. పేర్లు కలవకపోతే ఏమవుతుందో మా అమ్మ విషయంలో చూశాను. ఓటరు జాబితాలో జోగమ్మ, పట్టాదారు పాసుపుస్తకంలో జోగులమ్మ, పింఛను కాగితంలో జోగుళమ్మ. బతికినన్నాళ్లూ ఆమెకు దానితో పనిపడలేదు. ఆమె పోయిన తర్వాత మూడెకరాల విరాసత్ (భూమిని వారసుల పేరిట మార్పించుకోవడం) కోసం, ఆ ముగ్గురూ ఒక్క మనిషేనని అఫిడవిట్లు రాయించి, ఊరి పెద్దల సంతకాలు తెచ్చి, మా అన్నదమ్ములం నెలల తరబడి తిరిగాం. చదువుకున్న ఉపాధ్యాయుణ్ణి నేను ఉండగా మా ఇంట్లో ఇంత అయింది. సంతకానికి బదులు వేలిముద్ర వేసే ఇంట్లో ఎంతవుతుందో మీరే ఆలోచించండి. మనుమరాలి పేరు దగ్గర నేను పట్టు విడవకపోవడానికి ఇదే కారణం.

3. పాలమూరు నుంచి బతుకుదెరువుకు ముంబై, పుణె వెళ్లిన కుటుంబాల పిల్లలు అక్కడే పుడుతున్నారు. అక్కడి రాతలో సునీతకు ‘టి’ ఒక్కటే ఉంటుంది, మన అలవాటు ప్రకారం ‘టి, హెచ్’ ఉంటుంది. అక్కడ పుట్టిన అక్కకు ఒక రాత, ఊరికి వచ్చాక పుట్టిన చెల్లెలి పత్రంలో తల్లి పేరుకు మరో రాత పడితే, ఇద్దరూ ఒకే తల్లి బిడ్డలని రుజువు చేయడానికి ఆ తల్లే కూలి మానుకుని రావాలి. సరిహద్దున నారాయణపేట వైపు కన్నడం కలిసిన ఇళ్లలో నర్సప్ప, భీమప్ప వంటి పేర్లకూ ఇదే తిప్పలు.

4. దేవరకొండ చుట్టూ ఉన్న తండాల్లో రమావత్, కేతావత్, నేనావత్ వంటి ఇంటిపేర్లను ఒకరు తకారంతో, ఒకరు టకారంతో, ఒకరు దీర్ఘంతో, ఒకరు దీర్ఘం లేకుండా రాస్తారు. తండ్రి కుల ధ్రువీకరణకూ పిల్లవాడి జనన పత్రానికీ ఆ ఒక్క అక్షరం కలవకపోతే హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్ ఆగిపోయే ప్రమాదం ఉంది. తండా నుంచి మండల కేంద్రానికి ఒకసారి వచ్చి పోవడమంటే ఒక రోజు కూలి, బస్సు ఛార్జీ. పని అయ్యేదాకా ఎన్నిసార్లు రావాలో వాళ్లకు ఎవరూ చెప్పరు.

5. పేరు పెట్టడంలో తొందర పెట్టడం వల్లే చాలా తప్పులు పుడుతున్నాయి. పుట్టిన 21 రోజుల్లోగా పుట్టుకను తెలియజేయాలి, ఆ గడువు పేరుకు కాదు. పేరు లేకుండానే జననం నమోదు చేయించుకుని, తర్వాత 12 నెలల్లోగా రుసుము లేకుండా పేరు చేర్పించవచ్చని, ఆపైన 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో చేర్పించవచ్చని నిబంధనలు చెబుతున్నాయి. మన ఆచారంలో తొట్టెల పండుగ ఇరవై ఒకటో రోజే రావడంతో, ఆలోపే పేరు చెప్పాలన్న భయం జనంలో ఉంది. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేలోగా పేరు చెప్పమంటే, బాలింత పక్కనున్నవాళ్లు నోటికి వచ్చిన పేరు చెబుతారు, రాసేవారు తోచిన అక్షరాలతో రాస్తారు. తర్వాత పెద్దలు కూర్చుని పెట్టిన పేరు వేరు, కాగితంలో పేరు వేరు.

ఇవన్నీ చెప్పి, మేము కోరుతున్నవి స్పష్టంగా మీ ముందు పెడుతున్నాను.

ఒకటి. డిజిటల్ సంతకం పడకముందే, రెండు లిపుల్లోనూ పేరును పెద్ద అక్షరాలతో అచ్చువేసి తల్లిదండ్రులకు చూపించి సంతకం తీసుకోండి. చదవడం రానివారికి అక్షరం అక్షరం చదివి వినిపించండి. ఈ ఒక్క పని చేస్తే మిగతా కోరికల్లో సగం అవసరమే ఉండదు. సవరించిన చట్టం నమోదు పూర్తయ్యాక పత్రం ఇవ్వడానికి ఏడు రోజుల గడువు ఇచ్చింది, అందులో ఐదు నిమిషాలు దీనికి కేటాయించడం కష్టం కాదు.

రెండు. తెలుగు పేరును తెలుగు కీబోర్డుతోనే కొట్టించండి. ఇంగ్లీషు నుంచి యంత్రం తిప్పిన పేరును ఎవరూ సరిచూడకుండా ఖరారు చేయకండి.

మూడు. చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం, నమోదులో రూపంలో గానీ సారంలో గానీ తప్పు ఉందని రిజిస్ట్రారుకు నమ్మకం కలిగితే, అసలు రాతను చెరపకుండా మార్జిన్‌లో సవరణ రాసి, సంతకం చేసి, తేదీ వేయవచ్చు. తెలుగు లిపిలోని తప్పు కూడా తప్పేనని, ఇంగ్లీషులో సరిగా ఉందనే కారణంతో సవరణ అర్జీని పక్కన పెట్టకూడదని జిల్లా రిజిస్ట్రార్లు రాతపూర్వకంగా ఆదేశించాలి. మేము పేరు మార్చమని అడగడం లేదు, మేము రాసిచ్చిన పేరే రాయమంటున్నాం. కార్యాలయం వల్ల జరిగిన తప్పుకు తల్లిదండ్రుల చేత అఫిడవిట్లు, నోటరీలు తెప్పించకండి. అర్జీ ఇచ్చిన 15 రోజుల్లో సవరించండి, కుదరదంటే ఎందుకు కుదరదో కాగితం మీద రాసివ్వండి.

నాలుగు. పేరు చేర్చే గడువులను, అప్పీలు మార్గాన్ని ప్రతి పంచాయతీ కార్యాలయంలో, ప్రతి ప్రసూతి వార్డులో తెలుగులోనూ ఉర్దూలోనూ బోర్డు మీద రాయించండి. రిజిస్ట్రారు చర్యపై 30 రోజుల్లోగా జిల్లా రిజిస్ట్రారుకు అప్పీలు చేసుకోవచ్చని, దానిపై 90 రోజుల్లో నిర్ణయం చెప్పాలని సవరించిన చట్టంలోనే ఉంది. నేను తిరిగిన కార్యాలయంలో ఆ సంగతి చెప్పినవారు లేరు, నాకు తెలిసేసరికి 30 రోజులు దాటిపోయాయి.

ఐదు. మన సీమ పేర్ల రూపాలతో ఒక పట్టిక తయారు చేసి నమోదు సిబ్బందికి ఇవ్వండి. ఇదే ఒప్పు, అది తప్పు అని తేల్చడానికి కాదు, “కురుమయ్యా, కుర్మయ్యా? లకారమా, ళకారమా?” అని అడగడం గుర్తుండటానికి. ఈ పనికి పైసా తీసుకోకుండా కూర్చుని రాసిపెట్టడానికి నేను సిద్ధంగా ఉన్నాను, నాతో పనిచేసిన తెలుగు పండితులు కూడా వస్తామన్నారు.

తల్లిదండ్రులకూ ఒక మాట. నమోదుకు వెళ్లేముందే రెండు లిపుల్లోనూ పేరు ఎలా ఉండాలో ఇంట్లో తేల్చుకుని, కాగితం మీద రాసి, దానికి ఫోటో తీసి పెట్టుకోండి. మీ సొంత పేర్లు ఆధార్‌లో ఎలా ఉన్నాయో ఒకసారి చూసుకోండి, ఎందుకంటే పిల్ల పత్రంలో తల్లిదండ్రుల పేర్లూ ఉంటాయి. పత్రం చేతికి రాగానే ఇంగ్లీషుతో ఆగకుండా తెలుగు కూడా చదవండి. తప్పుంటే ఆ వారమే అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

సంఖ్యాశాస్త్రం చూసి అక్షరాలు పెంచమనో తగ్గించమనో రోజుకొకరు వస్తుంటే మాకు విసుగు రాదా అని ఒక ఉద్యోగి నన్ను అడిగారు. ఆయన విసుగు అర్థం చేసుకోగలను. కానీ తొలి నమోదులోనే అడిగి, చూపించి రాస్తే, నిజంగా మార్పు కోరేవారెవరో, మీ తప్పు దిద్దమనేవారెవరో మీకే సులభంగా తెలుస్తుంది.

ఈ లేఖ ప్రతిని, పాత రసీదుల నకళ్లతో కలిపి, వచ్చే సోమవారం ప్రజావాణిలో మళ్లీ ఇస్తాను. ఈసారి నాతోపాటు బెంచీ మీద కూర్చున్న కుటుంబాలు కూడా తమ అర్జీలతో వస్తున్నాయి. మా అర్జీలో సవరించాల్సింది ఇది: జకు ఓత్వం, గకు కొమ్ము, ళకు దీర్ఘం, దాని పక్కన సున్న, చివర బ. జోగుళాంబ.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు పండితుడు,
వనపర్తి